పౌరుషం గల పుంజు

"నువ్వేం జేసినావు దాన్ని?"

పిక్కలో దిగిన పుంజు కాలిముల్లు గాయాన్ని చీరకొంగుతో అదిమి పట్టుకుని గంగాదేవి పెరట్లోంచి కుంటుకుంటూ వచ్చినప్పుడు, తమలపాకుకు సున్నం రాసుకుంటూ అత్త సరోజమ్మ అడిగిన మాట అది. ఊరికే ఎగిరి తన్నిందని చెప్పినా నమ్మలేదు. నోరులేని జీవం ఊరికే ఎందుకు తంతుంది, నువ్వేదో చేసే ఉంటావంది.

ఏం చేసింది? గంగాదేవికి నిజంగానే తెలియలేదు. పొద్దున్నే కోళ్ల మీద కప్పిన గంప ఎత్తింది, సద్దలు చల్లింది, చిప్పలో నీళ్లు మార్చింది, రెట్టలు ఊడ్చింది. ఇందులో దానికి ఏది తప్పుగా తోచిందో. గాజుల చప్పుడా? చీర ఎర్రంచా? చేతిలో ఊడ్చే పరకా? మరుసటి పొద్దు గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని పోయింది. తన్నింది. ఇంకో పొద్దు పరకను తలుపు దగ్గరే వదిలి పోయింది. అయినా తన్నింది. పరక ఉన్నందుకు తన్నిందా, లేనందుకు తన్నిందా అని ఆ రోజంతా సంగటి గెలుకుతూ ఆలోచించింది.

మొగుడు చౌడప్పది సిమెంటు ఫ్యాక్టరీలో పని. పుంజును పులివెందుల దగ్గర ఓ చీనీతోటలో ముచ్చటపడి తెచ్చాడు. అమ్మేద్దామనో కోసుకుందామనో గంగాదేవి నోరు విప్పినప్పుడల్లా నవ్వేవాడు. అది పౌరుషం గల పుంజనీ, కుక్కలను పెట్టల దరిదాపులకు రానివ్వదనీ, దానితో మెలిగే తీరు ఆడదానికి తెలియాలనీ చెప్పేవాడు. సాయంత్రం గళ్లచొక్కాతో పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే పుంజు ఆయన కాళ్ల చుట్టూ తిరిగేది. "సూడు, నన్నేమన్నా అంటాందా?" అనేవాడు. అనదు. గంగాదేవికి అంతుపట్టనిది అదే. మేత వేసేది తను, మెచ్చుకునేది ఆయన. మెచ్చుకున్నవాణ్ని వదిలి మేత వేసిన చేతినే పొడుస్తుందే, ఇదేం లెక్క?

నువ్వేం జేసినావు అన్న మాట ఆమెకు కొత్తదేం కాదు. పెళ్లయిన కొత్తలో, సంగటి చల్లారిందని చౌడప్ప తింటున్న తట్టను గోడకేసి కొట్టిన పొద్దు సరోజమ్మ అడిగింది ఆ మాటే. వాచిన చెయ్యితో జమ్మలమడుగులో పుట్టింటికి పోతే, కన్నతల్లి కాపు పెడుతూ మెత్తగా అడిగిందీ అదే. "నువ్వేమంటివి మే ఆయప్పను?" అప్పుడూ ఇట్లాగే తనలో తాను వెతుక్కుంది. దీపం పట్టుకుని ఇల్లంతా వెతికినట్టు వెతికినా తప్పు దొరకలేదు. దొరకలేదంటే లేదని కాదేమో, తనకు వెతకడం రాదేమో అనుకుంది.

పక్కింటి ఖమ్రున్నీసా గోడ మీదుగా ఒక ఉపాయం చెప్పింది. మొగుడు కువైట్‌లో ఉంటే ఇక్కడ కోళ్లనూ ఇంటినీ ఒక్కతే సాకుతున్న మనిషి.

"ఎనక్కి తిరగొద్దు గంగక్కా. పారిపొయ్యేదాన్నే అది తరిమేది. ఎదురుపొయ్యి పట్టుకో, సంకలో పెట్టుకోని కొంచేపు తిరుగు. అంతే, దాని పొగరు దిగిపోతాది."

గంగాదేవి నవ్వింది గానీ ధైర్యం చాలలేదు. పత్తి తీయడానికి పోయిన రోజుల్లో, చేతులు గీరుకోకుండా చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కునే అలవాటు గుర్తొచ్చి, కొయ్యకు వేలాడుతున్న మొగుడి గళ్లచొక్కా తొడుక్కుని పెరట్లోకి పోయింది. పుంజు మెడ వంకర పెట్టి చూసింది. చూసి, దారి ఇచ్చి పక్కకు పోయింది.

ఆనాటి నుంచి రోజూ గళ్లచొక్కానే. మగోని వేషమేందని సరోజమ్మ మూతి తిప్పింది. కాళ్లకు గాయాలు మానాయి గానీ గంగాదేవి మనసు మాత్రం కుదురుకోలేదు. చొక్కా తొడుక్కుంటే తను ఏమీ చెయ్యనట్టు. విప్పితే ఏదో చేసినట్టు. లోపలి మనిషి ఒకతే కదా?

ఆ ఆదివారం చౌడప్ప వేపపుల్ల నములుతూ బనీను మీదే పెరట్లోకి పోయాడు. చొక్కా గంగాదేవి ఒంటి మీద ఉంది. ఆమె వంటింట్లో పొయ్యి ముందు ఉండగా కేక వినబడింది. వచ్చి చూసేసరికి ఆయన అరుగు మీద కూలబడి ఉన్నాడు, పిక్క మీంచి నెత్తురు కారుతోంది. సరోజమ్మ పసుపుడబ్బాతో పరుగెత్తుకొచ్చింది. పుంజు వంశాన్నంతా తిట్టింది. కొడుకును మాత్రం ఏమీ అడగలేదు.

"పట్టుకరా పో దాన్ని. ఈ పొద్దే కోసేస్తా. వచ్చి మసాలా నూరు" అన్నాడు చౌడప్ప.

ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాట. సంతోషపడాలి కదా? తన కాళ్ల మీద అన్ని గాట్లు పడ్డప్పుడు అది పౌరుషం. ఆయన కాలి మీద ఒక్క గాటు పడగానే కత్తి. పుంజు మీద కోపమో, జాలో, ఏదీ తేలలేదు. గళ్లచొక్కా గుండీలు విప్పి దండెం మీద వేసింది. ఎందుకు వేసిందో ఆమెకే తెలియదు.

మెడ ఈకలు రేపుకుని పుంజు ఎదురొచ్చింది. కాళ్లు వెనక్కి తిరగాలని చూశాయి, తిరగనివ్వలేదు. ఒక అడుగు ముందుకు వేసింది, ఇంకొకటి వేసింది. పుంజు తటపటాయించి ఆగింది. రెక్కలు అదిమి పట్టుకుని సంకలో పెట్టుకుంది. ఇంతేనా దీని బరువు? ఈకలు తీస్తే పిడికెడు కూడా ఉండదు. దాని గుండె ఆమె పక్కటెముకలకు తగిలి కొట్టుకుంటోంది. ఏ దడ ఎవరిదో తెలియలేదు.

చౌడప్ప అరుగుబండకు కత్తి నూరుతున్నాడు. తెమ్మని చెయ్యి చాచాడు. గంగాదేవి ఇవ్వలేదు. పసుపు అద్దిన ఆ పిక్క వైపే చూస్తూ నిలబడింది. ఎత్తిపొడవాలనుకోలేదు. తెలుసుకోవాలనే అడిగింది. తెలిసినవాళ్లు ఎవరైనా చెబితే బాగుండుననే అడిగింది.

"నువ్వేం జేసినావు మామా దాన్ని?"

సరోజమ్మ పసుపు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

జవాబు వచ్చేదాకా పుంజును కిందికి దించదలుచుకోలేదు గంగాదేవి.