మేత వేళ డ్రమ్ము

సుమంత్ వాళ్ల నాన్న సూర్యప్రకాశరావుగారికి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ షాపు ఉండేది. ఆ షాపులో కూర్చోకుండా తప్పించుకోవడానికే సుమంత్ రాక్ బ్యాండు పెట్టాడు. అందులో డ్రమ్ములు నావి.

మాది ఉంగుటూరు పక్క ఊరు. సుమంత్ మా ఊళ్లో వాళ్ల అమ్మమ్మగారింట్లో ఉండి మా హైస్కూల్లోనే టెన్త్ చదివాడు. నేను అక్కడితో ఆపి చేపల చెరువు మీదికి వచ్చేశాను. వాడు అక్కణ్ణుంచే ఏలూరు కాలేజీకి వెళ్తూ గిటారు కొనుక్కున్నాడు. పాడటానికి క్లాసులో విశ్వతేజ దొరికాడు. విశ్వతేజ కళ్లు మూసుకుని పాడేవాడు. అవి ఇంగ్లీషు మాటలేనని మేం నమ్మాం. బ్యాండు పేరు థండర్. ఊళ్లో తవుడు బ్యాచ్ అనేవారు.

ప్రాక్టీసు మా చెరువు గట్టు మీద షెడ్డులో. ఇంకెక్కడా ఒప్పుకోలేదు. డ్రమ్ములు పెళ్లి మేళం వాళ్లు వద్దని పారేసినవి. సుమంత్ వాళ్లు చేప ముట్టరు. వాసనకి ముక్కుకి రుమాలు కట్టుకుని వాయించేవాడు. పొద్దున్నే మొదలెట్టి కాలేజీ బస్సు వేళకి ఆపేసేవాళ్లం. నాన్న మేత కట్టే వేళ కూడా అదే. తవుడు నింపిన చిల్లుల సంచుల్ని పడవలో వేసుకెళ్లి, చెరువులో పాతిన వెదురు గెడలకి కట్టాలి.

కొన్నాళ్లకి డ్రమ్ము మోగగానే చేపలు గెడల దగ్గరికి చేరడం మొదలెట్టాయి. సంచి కట్టకముందే నీళ్లు కుతకుతలాడేవి. తిట్టడానికి వచ్చిన నాన్న అది చూసి కూర్చుండిపోయాడు.

"నారాయణా, అవి వచ్చాక ఆపెయ్యరా. మోత సాగితే బెదిరిపోతాయి, తినవు."

"పాట మధ్యలోనా నాన్నా?"

"చేపకి పాటేం తెలుస్తుందిరా."

రోజూ ఆపేవాణ్ణి. నీళ్లు కదిలితే చాలు, నా చేయి ఆగేది. సుమంత్ మిగతా పాట డ్రమ్ము లేకుండా ముగించుకునేవాడు. ఏ పాటనీ నేను చివరిదాకా కొట్టలేదు. దాని గురించి ఎవరం ఆలోచించలేదు.

ఏలూరు కాలేజీలో పోటీలు పెట్టారు, బయటివాళ్లూ రావచ్చన్నారు. ముందురోజు సూర్యప్రకాశరావుగారు షెడ్డుకి వచ్చి, కుర్చీ తుడుచుకుని కూర్చున్నారు.

"మీవాడు బాగానే బాదుతున్నాడండీ" అన్నారు.

"చేపలకి నచ్చిందండీ" అన్నాడు నాన్న.

"మావాడికి ఒకటే చెప్పానండీ. ప్రైజు వస్తే వాడిష్టం, హైదరాబాదు వెళ్లి నేర్చుకోమన్నాను. రాకపోతే సోమవారం నుంచి షాపులో కూర్చోవాలి."

సుమంత్ ఆ రోజు రుమాలు కట్టుకోవడం కూడా మర్చిపోయాడు.

పోటీలో బాగానే మొదలెట్టాం. పాట సగంలో ఉండగా వెనక వరసల కుర్రాళ్లు లేచారు. ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ, తలలు ఎగరేస్తూ స్టేజీ ముందుకి వచ్చిపడ్డారు.

నా చేతులు ఆగిపోయాయి.

సుమంత్ వెనక్కి తిరిగాడు. "కొట్టరా!"

"వచ్చేశారుగా" అన్నాను.

విశ్వతేజ కళ్లు మూసుకుని ఉన్నాడు కాబట్టి ఇంకాసేపు పాడాడు. కుర్రాళ్లు నిలబడి చూసి, వెళ్లి కూర్చున్నారు. ప్రైజు చింతలపూడి కోలాటం వాళ్లకి వచ్చింది. ఎవరొచ్చినా వాళ్లు ఆపలేదు.

"ఎందుకాపావురా?" అని ఇంటి దగ్గర నాన్న అడిగాడు. చెప్పాను. తల ఊపాడు. ఆయనొక్కడికే అర్థమైంది.

సోమవారం సుమంత్ షాపులో కూర్చున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

మొన్న ఏలూరు వెళ్తూ కారు గట్టు కింద ఆపి పైకి వచ్చాడు. జుట్టు పలచబడింది. నేను పెద్ద డ్రమ్ము దగ్గర ఉన్నాను. మా చెరువు మీద పనిచేసే సత్యవేదం సంచులతో పడవలో ఉన్నాడు.

"ఇంకా కొడుతున్నావట్రా?"

"మేతకి."

"కానియ్, విందాం."

కొట్టాను. నీళ్లు కదిలాయి. చేయి ఆగింది.

సుమంత్ చెరువుకేసే చూస్తున్నాడు. "ఈసారి ఆపకురా" అన్నాడు.

మళ్లీ మొదలెట్టాను. సుమంత్ కారు తాళాలతో కుర్చీ మీద దరువు వేస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. పడవలోంచి సత్యవేదం "ఏవండీ, కట్టమంటారా, వద్దా?" అని అరిచాడు. నేను కొడుతూనే ఉంటే, చూసి చూసి వాడే కట్టేశాడు. పాట చివరిదాకా వెళ్లాం. ఎక్కడ అయిపోతుందో సుమంత్‌కి గుర్తుంది. తల ఊపి చూపించాడు.

నాన్న చెప్పింది నిజమే. సాయంత్రం చూస్తే సంచుల్లో తవుడు పోసింది పోసినట్టే ఉంది.