తోసుకెళ్ళిన బండి

మా కోడలు కారు రేసుల్లో పాల్గొంటుందని తెలిసి, "మీరు ఊరుకుంటున్నారా?" అని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఊరుకోక, చక్రాలకు అడ్డం పడుకోమంటారా? ఆ పిల్ల నడుపుతుంటే చూడటం నాకిష్టం.

ఆ రోజు క్లబ్బు జట్టుకి ఎంపిక జరుగుతోంది. ట్రాక్‌ని రెండు నిమిషాల్లోపు చుట్టి రావాలి. ఒక్కొక్కరికి రెండు అవకాశాలు. మొదటిసారి మా కోడలు మూడు సెకన్లు ఆలస్యంగా వచ్చింది. దిగి, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని గోడవారన కూలబడింది. ఏడాదిగా సెలవురోజులన్నీ ఆ బండి కిందే గడిపిన పిల్ల.

"భయమేసిందా అమ్మా?"

"భయం కాదత్తయ్యా. బండి కాగిపోయింది. ఎంత తొక్కినా లాగలేదు."

వివరంగా చెప్పింది. టర్బో అనే భాగం గాలిని అదిమి ఇంజనులోకి పంపుతుందట. అదిమిన గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చడానికి ఇంజను నెత్తిన ఇంటర్‌కూలర్ ఉంటుంది. బండి పరిగెడితేనే దానికి బయటి గాలి తగులుతుంది. వంతు కోసం వరుసలో నిలబడి ఇంజను ఆన్‌లో ఉంచితే, కింది సెగకి అదే పెనంలా కాలిపోతుంది. వేడిగాలి లోపలికి పోతే ఇంజను దెబ్బతింటుందని బండిలోని కంప్యూటరే జోరు తగ్గించేస్తుందట.

"మరి వరుసలో ఉన్నంతసేపూ ఆపేసుకో" అన్నాను.

"ఆపేస్తే ముందుకెలా జరుగుతుందమ్మా?" అన్నాడు మా అబ్బాయి.

కోడలు తలెత్తింది. "తోస్తే?"

"అందరి ముందూనా! బండి చెడిపోయిందనుకుంటారు. పరువు పోతుంది."

"నీ పరువు ఎక్కడికీ పోదులే. వచ్చి చెయ్యెయ్యి" అన్నాను.

కోడలు బానెట్ ఎత్తి, ఐసునీళ్ళలో ముంచిన తువ్వాలు ఇంటర్‌కూలర్ మీద పరిచింది. తను డ్రైవర్ తలుపు తీసి, పక్కనే నడుస్తూ స్టీరింగ్ పట్టుకుంది. వెనక నేనూ, మా వాడూ. ముందు బండి కదిలినప్పుడల్లా మేమూ తోశాం. చుట్టూ ఇంజన్లన్నీ గురగురలాడుతుంటే మాది మాత్రం నోరు మూసుకుని జరిగింది. ఎవరో "పెట్రోలు అయిపోయిందా పెద్దమ్మా?" అని నవ్వారు. "ఉంది, దాచుకుంటున్నాం" అన్నాను. నా చెప్పు తెగింది. దాన్ని పక్కకి తన్నేసి వట్టి కాలితోనే తోశాను. మా అబ్బాయి మొదట తల వంచుకున్నాడు గానీ, కాసేపటికి ఆయాసంలో సిగ్గు సంగతి మరిచిపోయాడు.

మా వంతు వచ్చేసరికి కోడలు తువ్వాలు లాగేసి, బానెట్ మూసి, లోపల కూర్చుని ఇంజను ఆన్ చేసింది. మీటరు చూసి, "చల్లగా ఉందత్తయ్యా!" అని అరిచింది. జెండా ఊగడమే ఆలస్యం, బండి రివ్వున దూసుకుపోయింది. ఈసారి మలుపులు దాటాక కూడా ఎక్కడా మూలగలేదు. నేను మా అబ్బాయి జబ్బ గట్టిగా పట్టుకున్నాను. వాడు గడియారం వంక చూస్తూ సెకన్లు లెక్కపెట్టాడు.

ఒక నిమిషం యాభైతొమ్మిది సెకన్లు. మైకులో ఆ మాట వినగానే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ పిల్ల కష్టం నేల పాలు కాలేదన్న సంతోషం.

జట్టులోవాళ్ళ వివరాలు రాసుకుంటున్న పెద్దాయన కోడల్ని అడిగాడు: "పోటీలకి మీ బండి చూసుకోడానికి ఎవరొస్తారమ్మా?"

"మా అత్తయ్య" అంది. మా వాడి వంక చూసి, "ఆయన కూడా" అంది.