రాతిపువ్వులో ఇద్దరు

కాగిన నూనెలో రాతిపువ్వు పడింది.

అంతవరకూ దానికి వాసనే లేదు. నల్లగా, ఎండిపోయి, బెరడు ముక్కలా ఉంటుంది. వేడి తగిలిందా... కృష్ణపట్నం రోడ్డు మీద లారీలు కూడా మా షెడ్డు ముందు నెమ్మదిస్తాయి.

షెడ్డు నాది. బిర్యానీ సాయిలక్ష్మిది.

నేను గరిటె పడితే అన్నం ముద్దవుతుంది, ఒప్పుకుంటాను. ఆమెకేమో పొయ్యి పెట్టుకోవడానికి గజం నేల లేదు. అందుకే కలిశాం. పోర్టులో డ్యూటీ దిగినవాళ్ళు మా బెంచీల మీదే కూర్చుంటారు.

అలాంటి సాయిలక్ష్మిని వెంకటాచలం ఊళ్ళో హోటలు నడిపే పద్మనాభయ్యగారు వంటకు రమ్మన్నారు. హైవే పక్కన పెద్ద హోటలు. శనివారం వచ్చి మాట తీసుకుంటానన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు — ఆమె మీద. రానని చెప్పదేం? నేనూ అడగలేదు. అడిగితే ఎక్కడ పోతానంటుందోనని భయం. నా కోపమంతా గిన్నెల మీద చూపించాను.

నా కూతురు అబిగయీలు నెల్లూరులో బాటనీ చదువుతోంది. శుక్రవారం మసాలా ఏరుతూ ఒక రాతిపువ్వును వెలుతురుకు పట్టి చూసింది. ఇది పువ్వు కాదమ్మా, అంది. ఒకటీ కాదు — ఇద్దరు. లోపల కంటికి ఆననంత నాచు, ఎండతో వంట చేస్తుంది. చుట్టూ ఉన్నది బూజు జాతి, ఇల్లు కట్టి తడి ఆరకుండా చూస్తుంది.

ఒకరి వంట. ఒకరి ఇల్లు.

అట్లా బండరాయి మీద కూడా బతికేస్తారట.

నాకు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ బిర్యానీలో మమ్మల్నే వేస్తున్నామా!

సాయిలక్ష్మి నవ్వలేదు. మరి గాలి వచ్చి ఎగరగొడితే, అని అడిగింది. పొడిపొడిగా రాలి ఎగిరిపోతారట. ఆ పొడిలో కూడా ఇద్దరూ ఉంటారట. ఎక్కడ వాలినా కలిసే మొదలుపెడతారట.

ఆమె మళ్ళీ ఉల్లిపాయలు కోసుకుంది.

శనివారం పద్మనాభయ్యగారు వచ్చారు. మంచినీళ్ళిచ్చాను.

సాయిలక్ష్మి బిర్యానీకి వేసే కూర గిన్నె మూత తీసింది. ఆవిరి... దాని మీదుగా ఉప్పుగాలి...

శనివారం ఆమె నీసు ముట్టదు. వండుతుంది గానీ నాలుక మీద వేసుకోదు. గరిటెలో ఇంత కూర తీసి, ఊది, నా నోటికి పట్టింది. అట్లా పట్టుకునే ఆయన వైపు తిరిగింది.

"ఉప్పు చూసేది మా కెజియక్క, అయ్యా. వస్తే ఇద్దరం వస్తాం. లేదంటే ఈడే ఉంటాం."

ఆయన ఏమంటారో తెలియదు. ఏమన్నా అననీ!

నోరు కాలుతోంది. కళ్ళల్లో నీళ్ళు. ఒళ్ళంతా సంతోషం.

ఉప్పు చక్కగా సరిపోయింది.

"ఉప్పు తెలీలేదు మే," అన్నాను. "ఇంకో గరిటె పట్టు."