రోమన్ రోడ్డుకు ఎదురెళ్ళిన హేతువాది

ఇంగ్లండులోని నార్తాంప్టన్ శివార్లలో రామాంజనేయులు ఇంటి ముందు, ముళ్ళపొదల్లో కలిసిపోయిన రోమన్ల కాలపు రోడ్డొకటి ఉంది. దాన్ని జాతీయ కాలిబాటగా కాపాడే చట్టం తేవాలని ఊళ్ళో కమిటీ వేసి, మనవాణ్ణి కార్యదర్శిని చేశారు. పదేళ్ళుగా ఆఫీసు మీటింగుల్లో నోరు తెరిస్తే "సారీ, వన్స్ మోర్?" అనిపించుకున్న మనిషికి, హాలు నిండా తెల్లవాళ్ళు చప్పట్లు కొట్టడం కొత్త. ఇక ఆగుతాడా? సీజర్ తన సొంత మేనమామ అయినట్టు ఉపన్యాసాలు దంచాడు.

ఎంపీ బిల్లు పెట్టడానికి ఒప్పుకున్నాడు. షరతు ఒకటే: ఊరి సమావేశంలో ఒక్క అభ్యంతరం కూడా రాకూడదు. వస్తే బిల్లు లేనట్టే. అభ్యంతరం చెప్పే మొనగాడెవడో చూస్తానని రామాంజనేయులు మీసం మెలేశాడు.

2014 మార్చిలో ఆ సమావేశం. గోడ మీద మ్యాప్ వేశారు. ఎర్రగీత పొలాలు దాటి తిన్నగా వచ్చి, ఒక ఇంటి గేటును పొడిచి, అక్కణ్ణుంచి పక్కకు తిరిగింది. ఆ గేటు రామాంజనేయులుదే; పొదల మాటున ఇన్నాళ్ళూ ఆ సంగతి కనబడలేదు.

వీధిపోటు! నిజానికి ఆయనకు వాస్తు మీద నమ్మకం లేదు. ఇల్లు కొనేటప్పుడు భార్య అలివేలుమంగ దిక్కులు చూస్తుంటే, "అవన్నీ అనంతపురంలోనే వదిలేసి రా" అని ఎగతాళి చేసిన హేతువాది. కానీ వీధిపోటు ఇంట్లో మగవాడు నిలవడని చిన్నప్పుడు అవ్వ అన్న ఒక్క మాట మాత్రం కడుపులో అలాగే ఉండిపోయింది.

"అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అని మాటవరసకి అడిగింది అధ్యక్షురాలు మార్గరెట్.

ఒక చెయ్యి లేచింది. అది తనదేనని తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

"ఆ గీతను కొంచెం పక్కకి జరపొచ్చా?"

"ఎందుకు?"

వాస్తు అంటే పరువు గంగలో కలుస్తుంది. నోటికొచ్చింది అనేశాడు. "బ్యాడ్జర్లు! మా గేటు ముందు బొరియలున్నాయి."

ఈ దేశంలో మనిషికి దారి లేకపోయినా ఫర్వాలేదు గానీ, చట్టం కాపాడే ఆ బొరియల జంతువు బ్యాడ్జర్ నిద్ర చెడకూడదు. సర్వే చేయాల్సిందే అన్నారు. బిల్లు అటకెక్కింది. "మూగజీవాల కోసం మీ కలనే వదులుకున్నారు" అంటూ మార్గరెట్ కళ్ళు తుడుచుకుంది. రామాంజనేయులుకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఇంటికొచ్చి భార్యకు అంతా చెప్పాడు.

"యా దిక్కు నుంచి వస్తాది ఆ రోడ్డు?" అంది అలివేలుమంగ, సంగటి కెలుకుతూనే.

"మ్యాప్‌లో పైనుంచి కిందికి. తిన్నగా మన గేటు మూలకే."

"అంటే ఉత్తరం నుంచి మన ఈశాన్యం మూల గేటుకి, ఉత్తర ఈశాన్యం! అయ్యో నా సామీ, అది వీధిపోటు కాదు, వీధిచూపు. శానా మంచిది. అట్లాంటి ఇంటికోసం జనం ఎగబడతారు."

పొదల్లో మగ్గుతున్న ఆ రోడ్డు తలపుకొచ్చి రామాంజనేయులుకి ఏడుపొచ్చినంత పనైంది. "ముందే చెప్పొచ్చు కదే!"

"ఎట్ల చెప్పేది? నమ్మేటోళ్ళయితే నన్ను అడుగుతాండ్రి. నమ్మనోళ్ళయితే గమ్మున కూచుంటాండ్రి. మీరు రెండూ కాకపోతిరి."