సారీ అన్న పాపానికి

ఇంగ్లండులోని మా గూల్ ఊళ్ళో ఎదుటివాడు మన కాలు తొక్కినా సారీ చెప్పేది మనమే. బస్సులో మనిషికి చెబుతాం, భుజం తగిలితే తలుపుకీ చెబుతాం. అరవై ఎనిమిదేళ్ళుగా ఊపిరి తీసినంత సులువుగా అంటూ వచ్చిన ఆ మాటే చివరికి నా మెడకు చుట్టుకుంది.

మా ఆయన రోలండ్‌కు పక్షవాతం వచ్చి కాళ్ళతోపాటు మాట కూడా పడిపోయాక, చక్రాల కుర్చీ పట్టే పెద్ద కారు వాయిదాల మీద తీసుకున్నాం. మార్చిలో ఆయన పోయాడు. వాకిట్లో ఆ కారు కనబడినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. సగం సొమ్ము కట్టేశాక కారు వెనక్కి అప్పగించి ఒప్పందం ముగించుకోవచ్చని ఇక్కడ చట్టం ఉంది. నేను అదే చేశాను. మామూలు వాడకంలో అరిగినదానికి కంపెనీ ఏమీ అడగకూడదు, అజాగ్రత్తగా పాడు చేస్తేనే అడగాలి.

కారు చూసుకోవడానికి కంపెనీ నుంచి వచ్చినతను మంచివాడిలాగే ఉన్నాడు. టీ ఇస్తే తాగి, రెండు బిస్కెట్లు తిన్నాడు. ఆయన పోయాక మా ఇంట్లో టీ తాగిన మొదటి మనిషి అతనే. వెనక డిక్కీ దగ్గర జానెడు గీతను వేలితో తడుముతుంటే, అలవాటు చొప్పున "సారీ నాయనా" అన్నాను. దానికేముందమ్మా అని నవ్వాడు. నవ్వుతూ ఆ చేత్తో ఏం రాసుకున్నాడో మూడు వారాలకు గానీ తెలియలేదు.

ఆరువందల నలభై పౌండ్లు కట్టమని ఉత్తరం వచ్చింది. అందులో ఒక వాక్యం: "నష్టం తన అజాగ్రత్త వల్లే జరిగిందని అంగీకరించి, వినియోగదారు క్షమాపణ చెప్పారు."

నా పింఛనుకు ఆ డబ్బు తక్కువేమీ కాదు. కానీ నన్ను పొడిచింది ఆ వాక్యం, అది నిజం కాబట్టి. ఆ గీత ఏ రోజు పడిందో నాకు తెలుసు. వాన. ఆసుపత్రికి ఆలస్యమైపోతోంది. కుర్చీ ఎంతకీ కారులోకి ఎక్కదు. "మూటలా కూర్చుంటావేం, నన్ను చంపుకు తింటున్నావ్" అని అరిచి ఒక్క తోపు తోశాను. కుర్చీ ఇనుము కారును గీరేసింది. దారంతా రోలండ్ కిటికీలోంచి బయటికే చూశాడు. మర్నాడు ఆసుపత్రిలోనే పోయాడు. కనబడిన ప్రతి తలుపుకీ సారీ చెప్పే దాన్ని, ఆయనకు మాత్రం చెప్పలేదు.

ఆ కాగితం ఒప్పుకుంటే ఆయన్ని సరిగ్గా చూసుకోలేదని నా చేత్తో నేనే సంతకం పెట్టినట్టు. చచ్చినా పెట్టను అనుకున్నాను. ఉత్తరాలు రాశాను. ప్రతి మంగళవారం ఫోన్ చేశాను. చేసినప్పుడల్లా కొత్త గొంతు, మళ్ళీ మొదటి నుంచి రామాయణం. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొన్ని వారాలు నేను మాట్లాడింది ఆ గొంతులతోనే.

ఆరో మంగళవారం బ్రయొనీ అనే పిల్ల దొరికింది. ఫైలు చూసి మెత్తగా, "మీవారు పోయినందుకు సారీ అండీ" అంది.

"అయితే ఆయన్ని చంపింది నువ్వేనా తల్లీ?"

ఆ పిల్ల గతుక్కుమంది. "అదేం మాటండీ!"

"మరి నువ్వు సారీ అంటే మర్యాద, నేనంటే నేరం ఒప్పుకున్నట్టా?"

ఆ పిల్ల ఆపుకోలేక ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మార్చి తర్వాత నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వుతోనే నా పట్టు సడలిపోయింది. వాన, కుర్చీ, నేను అరిచిన అరుపు, అన్నీ చెప్పేశాను. గెలవబోయే కేసును నా నోటితో నేనే పాడు చేసుకుంటున్నానని తెలుస్తూనే ఉంది, అయినా ఆగలేదు. అవతల కీబోర్డు టకటకలు ఆగిపోయాయి.

"ఇదేదీ నేను రాసుకోవట్లేదు, తెల్మా గారూ," అంది.

"రాసుకో తల్లీ. ఎక్కడో ఒకచోట ఉండనీ."

"రాస్తే డబ్బు కట్టాల్సొస్తుందండీ. వద్దు."

వారానికి ఉత్తరం వచ్చింది. బాకీ రద్దు చేశారు. పాత వాక్యం తీసేశారు. గీత మామూలు వాడకంలో పడినదేననీ, ఇందులో నా తప్పేమీ లేదనీ, ఇక నేను ఫోన్ చేయనవసరం లేదనీ రాసి, కింద పెద్ద సంతకం పెట్టారు. వంటింట్లో నిలబడి రెండుసార్లు చదివాను. నా తప్పేమీ లేదట. ఆ మాట చెప్పడానికి కంపెనీ ఎవరు? చెప్పాల్సినవాడు మాట్లాడలేని నోటితో, కిటికీలోంచి చూస్తూ, మార్చిలోనే వెళ్ళిపోయాడు.