సబ్బు బుడగలు

ఆరేళ్లకు గానీ మా పిల్ల నోట మాట రాలేదు. "అమ్మా" అన్నప్పుడల్లా థెరపీ టీచరు సబ్బు బుడగలు ఊదేది. పిల్ల రోజుకు నలభైసార్లు అనేది, నాకు కడుపు నిండిపోయేది.

"మాట బుడగల వల్లే వచ్చిందని తేలాలంటే కొన్నాళ్లు ఆపి చూడాలమ్మా. తగ్గితే రుజువైనట్టే. మళ్లీ ఊదితే తిరిగొచ్చేస్తుంది," అంది టీచరు.

నా బుద్ధి గడ్డి తిని సరేనన్నాను.

రెండు వారాల్లో నలభై కాస్తా సున్నా అయింది. టీచరు గ్రాఫు గీసి మురిసిపోయింది.

మళ్లీ ఊదడం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. పిల్ల బుడగల వంక కన్నెత్తి చూడదు, "అమ్మా" అననూ అనదు.

గోడమీది గ్రాఫు మాత్రం ఆ సున్నా దగ్గరే ఆగింది. ఇవాళ టీచరు దాన్ని ఇంకో తల్లికి చూపిస్తోంది. ఆవిడా తలూపుతోంది.