ముల్లంగి కంపు

ఆ మట్టిని చంపింది మీరే, కమిటీ పెద్దలూ. ఇంకెవరి మీదకీ నెట్టకండి.

మన క్వార్టర్ల వెనక జాగా మా పిన్నికి ఇచ్చిందీ మీరే. "వానాకాలంలోపు ఏమన్నా పండిస్తే తోట నీది. లేదంటే స్కూటర్ల షెడ్డు వేస్తాం" అన్నారు. లారీలు తొక్కి తొక్కి బండరాయి చేసిన నేల అది. గునపం వేస్తే ఠంగుమని ఎగిరేది.

లాండ్రీలో ముప్పై ఏళ్లు తడిబట్టలు మోసి నడుం పోగొట్టుకున్న మనిషి, ఏం తవ్వుతుంది? అందుకే చలికాలం మొదట్లో ముల్లంగి గింజలు చల్లింది. మూరెడు లోతుకి దిగే రకం. దుంపలు ఊరి తెల్లటి మెడలు బయటపెట్టినా పీకలేదు.

"కూరకి కాదా పిన్నీ?" అన్నాను.

"కూరా, నీ మొహమూనూ. ఇవి నా కూలీలే. నేను తవ్వలేనిచోట ఇవి తవ్వుతాయి. అడుగున ఉన్న సారం ఆకులోకి లాగుతాయి. ఆకు కోసి పైన పరుస్తా. దుంప లోపలే కుళ్లితే ఆ బొక్కల్లోంచి నీళ్లు దిగుతాయి. అప్పుడు వేస్తా అసలు పంట."

చలి తగ్గేసరికి నేలలోకి చువ్వ మోచేతి లోతు దిగింది. ఒక వానపాము కనపడింది. "ఒకటొచ్చిందిగా, చుట్టాల్ని అదే పిలుస్తుంది" అని నవ్వింది పిన్ని. నేను చూసిన ఆఖరి నవ్వు అదే.

దుంపలు కుళ్లాయి. కంపు లేచింది. గ్యాస్ లీకంటూ మీరు పరుగులు పెట్టారు.

"ముల్లంగి కంపు నాయనా! పది రోజులు ఓపిక పట్టండి!" మెట్ల మీంచి అరిచింది పిన్ని.

"పెద్దావిడ ముక్కు కూడా రిటైరైంది" అన్నాడు ప్రెసిడెంటు. అందరూ ఇకిలించారు.

మిషన్ తెప్పించారు. నిలువెత్తు తవ్వారు. పైపు దొరకలేదు, అటువైపు పైపే లేదు మరి! అడుగు పెళ్లలు పైకి తెచ్చి, మెత్తటి మట్టిని కిందకి తోసి, పైన మిషన్ తిప్పి చదును చేశారు.

మొన్నటి తొలి వాన అక్కడ ఇంకలేదు. మురుగులా నిలబడింది. నిన్న మెట్ల దగ్గర మీ నోటీసు: గడువులోగా ఏమీ పండనందున షెడ్డు వేయబడును.

పిన్ని చదివింది. మిగిలిన గింజల పొట్లం నా చేతిలో పెట్టి, "పారేయవే" అంది. తలుపేసుకుంది. ఇంతవరకూ తీయలేదు.

నేను పారేయను. ఆ నోటీసు ఇవాళే చింపండి. ఇంకో ఏడాది గడువని రాసి సంతకాలు పెట్టండి. మీరు పైకి తెచ్చిన పెళ్లలు మీ చేతుల్తోనే ఏరండి. ఆదివారం పొద్దున ఏడింటికి తట్టలతో అక్కడ ఉంటా. దానికంటే ముందు ప్రెసిడెంటుగారు వెళ్లి పిన్ని తలుపు కొట్టాలి. అది ముల్లంగి కంపేనని ఆమె మొహం చూసి చెప్పాలి.